గుర్తుమాట

అగ్నిమాపక కేంద్రం చూడడానికి ఒకటో తరగతి పిల్లలు వచ్చారు. వాళ్ళ వెంట వచ్చిన తల్లుల్లో పైడమ్మ ఒకతె. ఉత్తుత్తి పొగ నింపిన గదిలో మంచాల కింద దాక్కున్న పిల్లల్ని, కేంద్రంలోని రక్షణ మరమనిషి ఒక్కొక్కరి తల్లి గొంతుతో పిలిచింది. అందరూ వచ్చారు. పైడమ్మ కూతురు లిఖిత రాలేదు.

"ఏటమ్మా, నీ పిల్ల నీ గొంతుకే పలకదేటి?" అన్నాడు ఆఫీసరు.

గొంతులు దొంగిలించి పిల్లల్ని ఎత్తుకుపోయే రోజులని, తన గొంతు విన్నా సరే, గుర్తుమాట చెబితేనే రమ్మని లిఖితకి నేర్పింది పైడమ్మే. నిజంగా మంటలొస్తేనో?

"గుమ్మడి వడియం!" అని గట్టిగా అరిచింది.

లిఖిత పరుగున వచ్చి తల్లిని చుట్టేసుకుంది. తల్లులంతా పకపకా నవ్వారు.

నవ్వులు ఆగకముందే, పైడమ్మ గొంతుతోనే, మరమనిషి మెల్లగా అంది: "గుమ్మడి వడియం."

పిల్ల తల్లి చెయ్యి వదిలి అటు నడిచింది.