నలభై ఎనిమిది వారాలు, మూడు గంటలు

మూడో రోజు కూడా శంకరరావు రెండు వీసీఆర్‌ల మధ్య తల పట్టుకుని కూర్చున్నాడు.

టీవీలో నలభై ఎనిమిది ఆదివారాలు నడిచిన సీరియల్ అది. మంత్రాలు, ముష్టియుద్ధాలు, గాల్లో ఎగిరే వీరులు. దాన్ని మూడు గంటల సినిమాగా కుదించి ఇస్తే దసరాకి తెర కట్టి వేస్తామన్నారు రైల్వే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు. అతను తఖత్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వచ్చి, వ్యాపార్ విహార్ బజారులో వీడియో షాపు పెట్టి ఆరు నెలలు కాలేదు. ఇది కుదిరితే ఊళ్ళో నిలదొక్కుకుంటాడు.

అన్ని వారాలూ రికార్డు చేసి పెట్టుకున్నది బిలాస్‌పూర్ మొత్తంలో మంగాయమ్మ ఒక్కతే అని తెలిసి, ఆమె క్వార్టర్‌కి వెళ్ళి అడిగాడు. ఇస్తానంది. కానీ క్యాసెట్లు గడప దాటవంది, వీసీఆర్‌లే తనింటికి తెచ్చుకోమంది. ఏది ఉంచాలో, ఏది తియ్యాలో తనే చెబుతానంది.

అరవై దాటిన మనిషి, ఏం చెబుతుందిలే అనుకున్నాడు శంకరరావు. అక్కడే పొరపడ్డాడు.

గురువు ముందు హీరో చేసే ప్రతిజ్ఞ తీసెయ్యమంది. రాకుమారితో మాటలు తీసెయ్యమంది. హీరో మొహం దగ్గరగా కనిపిస్తే చాలు, "ఇదొద్దు బాబూ" అనేది. అదే హీరో దుమ్ములో గుర్రం మీంచి దొర్లినా, మంటల్లోంచి దూకినా, కోటగోడ మీంచి వెనక్కి పడినా ఒక్క ముక్క తగ్గనిచ్చేది కాదు. పైగా వెనక్కి తిప్పించి మళ్ళీ చూసేది.

ఈ వయసులో ఇదేం దెబ్బలాటల పిచ్చి అని విసుక్కున్నాడు. ఇలా అయితే అతనెవరో, ఎందుకు కొట్టుకుంటున్నాడో జనానికి తెలియదని నచ్చజెప్పాడు. ఆమె వినలేదు. టీ పెట్టడానికి ఆమె లోపలికి వెళ్ళినప్పుడు గబగబా ప్రతిజ్ఞ సీను ఎక్కించేశాడు. తిరిగి వేసి చూసి పట్టేసుకుంది. అంత మేరా చెరిపించి, మళ్ళీ చేయించింది.

చివరి క్యాసెట్ పెట్టేసరికి అతని ఓపిక అడుగంటింది. ఊళ్ళో పోస్టర్లు అంటించేశారు. సినిమాలో మాత్రం కథ లేదు.

ఆఖరి ఘట్టం. జలపాతం అంచున, మనవైపు వీపు పెట్టి హీరో నిలబడ్డాడు. అడుగున మాయమణి. దూకాలి, మణితో పైకి రావాలి, రాక్షసుణ్ణి చంపాలి. సీరియల్ అంతా నడిచింది దీనికోసమే. శంకరరావు ముందుకి వంగాడు.

"అక్కడాపెయ్ బాబూ," అంది మంగాయమ్మ.

"ఇంకా దూకలేదమ్మా."

"దూకొద్దు. నిలబడ్డదాకా ఉంచు, సాలు."

శంకరరావుకి ఒళ్ళు మండింది. మూడు రోజులుగా దిగమింగుకున్నదంతా బయటికొచ్చింది. దూకకపోతే మణి లేదు, గెలుపు లేదు, సినిమాయే లేదన్నాడు. ఊళ్ళో తన పరువు తీయడానికే కూర్చున్నారా అని అడిగాడు. ఆమె తల తిప్పేసుకుంది. తెర వైపు చూడలేదు.

"దూకితే ఏటవుతాదమ్మా?" అన్నాడు, కోపంలో ఆమె యాసలోనే. "సూడండి." బటన్ నొక్కాడు.

తెర మీద వీపు కదిలింది. మనిషి గాల్లోకి లేచి, నురగలో పడి మాయమయ్యాడు. మరుక్షణం నీళ్ళు చీల్చుకుని, చేతిలో మణితో నవ్వుతూ హీరో పైకొచ్చాడు.

"చూశారా, ఏమీ కాలేదు. పైకొచ్చేశాడు కదా!"

మంగాయమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నెమ్మదిగా అంది.

"పైకొచ్చినోడు హీరో బాబూ, దూకినోడు మా చిన్నోడు."