కంచె అవతల దగ్గు

ఆల్బేనియా కొండదారులు మంచుతో మూసుకుపోయిన రాత్రి, రెండేళ్ల జెఫ్ కుక్క మొరిగినట్టు దగ్గుతూ ఊపిరందక గింజుకున్నాడు. తల్లి లూలే ఏడుస్తూ వాడి వీపు నిమిరింది. అత్త ప్రెండా మాత్రం మనవణ్ణి గొంగట్లో చుట్టి వాకిట్లోకి తీసుకెళ్లింది.

"ఇంత చలిలోకా అత్తయ్యా?"

"చల్లగాలి తగిలితే గొంతు వాపు తీస్తుందే, ఏడవకు."

నిజంగానే ఊపిరి కుదుటపడి జెఫ్ నిద్రపోయాడు. ఆమె నిబ్బరానికి లూలే మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

అప్పుడే కంచె అవతల చీకట్లో అదే దగ్గు వినిపించింది.

"ఎవరత్తయ్యా?"

"నా పెద్దాడు. వాడికీ ఈ వయసులోనే ఇదే దగ్గొచ్చింది. ఆ రాత్రి నాకీ సంగతి తెలీక తలుపులన్నీ బిగించి కూర్చున్నాను. తెల్లారేసరికి పోయాడు."

పిల్లాణ్ణి కోడలి చేతికిచ్చి, ప్రెండా తడబడకుండా వెళ్లి కంచె తలుపు తీసింది.

"రా నాయనా, నువ్వూ కాస్త గాలి పీల్చుకో," అంటూ తన శాలువా చాపి పట్టుకుంది.

దగ్గు దగ్గరవుతూ వచ్చింది.