పక్క కుర్చీ

"అమ్మాయ్, ఈ బొమ్మల్లో సైకిళ్ళు ఎక్కడున్నాయో కాస్త చూపించవూ?"

పక్క కుర్చీలోంచి మామ్మగారు అడిగింది.

ఉడుత తల ఎత్తలేదు. "ఒక్క నిమిషం మామ్మగారూ."

"నా కళ్ళకి అన్నీ ఒకలాగే ఉన్నాయి తల్లీ. ఏది నొక్కినా తప్పంటోంది."

"ఒక్క నిమిషం."

ఈ వయసులో ఈవిడకి కంప్యూటర్ ఆటలేమిటో, అనుకుంది ఉడుత.

లైబ్రరీలో కిటికీ పక్కన నాలుగు కంప్యూటర్లు, మధ్యమధ్య చెక్క అడ్డాలు. మూడోది ఉడుతది, నాలుగోది మామ్మగారిది. ఎవరూ రాసివ్వలేదు గానీ గురువారం సాయంత్రాలు అలా స్థిరపడిపోయాయి. మామ్మగారు తెరకి ముక్కు ఆనించి ఏదో చదువుకునేది. ఒక్క వేలితో కొట్టేది. ఆవిడ ఒక వరుస పూర్తిచేసేలోపు ఉడుత బయటికెళ్ళి మంచినీళ్ళు తాగి రావచ్చు.

ఆ రోజు ఉడుతకి నిజంగానే తీరిక లేదు. తన బ్లాగు కోసం ఆరో సాఫ్ట్‌వేర్ చూస్తోంది.

మొదటిదానిలో అక్షరాలు ముద్దుగా ఉండేవి, ఫోటో పెడితే పేజీ అంతా వంకరపోయేది. రెండోదానిలో ఫోటో బుద్ధిగా కూర్చునేది, ఒత్తులు ఊడిపోయేవి. మూడోదానిలో అన్నీ ఉన్నాయి, ఎక్కడున్నాయో తెలియదు. నాలుగోది అందరూ మంచిదన్నారు, అందుకే అనుమానమొచ్చింది.

నోటుబుక్కులో గళ్ళు గీసి ప్రతిదాని మంచీ చెడూ రాసుకుంటుంటే అన్నయ్య తల పట్టుకున్నాడు.

"మేడ కట్టేవాళ్ళు కూడా ఇంత ఆలోచించరే! ముందు రాయవే తల్లీ!"

"రాస్తా. ముందు ఇల్లు కుదరనీ."

బ్లాగుని ఇల్లు అనేది ఉడుత. ఇల్లు మారిన ప్రతిసారీ కొత్త చిరునామా చిన్న కాగితం మీద రాసి, కింద 'ఉడుత' అని పెట్టి, ఎవరూ చూడకుండా లైబ్రరీ నోటీసు బోర్డుకి గుచ్చి వచ్చేది. అది ఇంట్లో పిలిచే పేరు. బయట ఎవరికీ తెలియదు. తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతుంది. అయినా ఒక్కరు, ఎవరో ఒక్కరు, తను రాసింది చదవాలి. ఉన్న కోరికల్లా అదే.

నాలుగు ఇళ్ళలోనూ కలిపి రాసినవి అయిదు పోస్టులు. అందులో మూడు, ఇల్లు ఎందుకు మారిందో చెప్పేవే.

ప్రతిదాని కిందా పేరు లేని కామెంటు ఒకటి వచ్చేది.

'చదివాను. బాగుంది. ఇంకా రాయి.'

మొదటిసారి ఉడుత కాళ్ళు నేల మీద ఆగలేదు. అయిదోసారి అన్నయ్యకి చూపించింది.

"పిచ్చిమొహమా, అది రోబో! ఎవరేం రాసినా అవే మూడు ముక్కలు అంటించి పోతుంది."

"ఇల్లు మారానని రాస్తే కూడా బాగుందంది అన్నయ్యా."

"చూశావా మరి! అందులో బాగుండడానికేముంది?"

ఉడుతకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ మురిసిపోయింది ఒక యంత్రం మాటకా!

అందుకే అయిదో ఇల్లు.

"ఇది రోబోల్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. మనుషులైతేనే మాట్లాడనిస్తుంది," అన్నాడు అన్నయ్య.

ఆ ఇంట్లో ఉడుత మొదటిసారి మనసుపెట్టి రాసింది. క్లాసులో తన వ్యాసం చదవమంటే గొంతు పెగలక, తలుపు చాటున నిలబడి చదివిన రోజు గురించి.

రెండు వారాలు చూసింది.

మనుషులెవరూ రాలేదు. చిత్రమేమిటంటే, ఆ రోబో కూడా లేకపోయేసరికి ఇల్లు బోసిపోయింది.

తప్పు సాఫ్ట్‌వేర్‌దే అయ్యుంటుంది. అందుకే ఈ ఆరోది.

"అయిందా అమ్మాయ్?" మళ్ళీ అడిగింది మామ్మగారు.

"అయిపోవచ్చింది మామ్మగారూ."

అవలేదు. ఉడుత తల ఎత్తేసరికి నాలుగో కుర్చీ ఖాళీ. కుర్చీ లోపలికి జరిపి ఉంది. కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది.

వచ్చే గురువారం తప్పకుండా చూపించాలి, అనుకుంది.

వచ్చే గురువారం కూడా కుర్చీ ఖాళీయే.

పుస్తకాలకి అట్టలు వేస్తున్న లైబ్రేరియన్ మేడమ్‌ని మొహమాటంగా అడిగింది.

"నాలుగో కంప్యూటర్ మామ్మగారా? వాళ్ళ చెల్లెలి ఊరికి మకాం మార్చేశారమ్మా. సామానంతా బండి ఎక్కించి, ఇటొచ్చి చెప్పి మరీ వెళ్ళారు."

"అయ్యో. ఇంక రారా?"

"ఇంకెక్కడ! అన్నట్టు, బోర్డు దగ్గర బోలెడంతసేపు నించుని ఒక చీటీ గుచ్చి వెళ్ళారు. ఎవరో ఉడుతట. నీకేమైనా తెలుసా?"

ఉడుత బోర్డు వైపు చూడకుండా తల అడ్డంగా ఊపింది.

"తెలీదు మేడమ్."

మేడమ్ లోపలికి వెళ్ళేదాకా ఆగి, బోర్డు దగ్గరికి నడిచింది.

తన కాగితం కిందే ఉంది చీటీ. గుమ్మడికాయలంత అక్షరాలు, వరుస తప్పి, కిందికి జారుతూ.

'ఉడుతా,

చదివాను. బాగుంది. ఇంకా రాయి. తలుపు చాటు నుంచైనా సరే.

ఈ మాట నీ బ్లాగులోనే చెబుదామనుకున్నాను గానీ, ముందు సైకిళ్ళ బొమ్మలు గుర్తుపట్టమంటే నా కళ్ళకి ఆనలేదు; పక్క కుర్చీలో పిల్లని అడిగాను గానీ, పాపం, ఆ పిల్లకేదో పెద్ద పని ఉన్నట్టుంది.'