సంతకం పెట్టినవాడే ముందు దిగాలి

"నీళ్ళల్లకు లైను కరెంటు డైరెక్టుగ ఇయ్యొద్దు సార్. పన్నెండు వోల్టులే ఉండాలని బుక్కుల రాసున్నది. దానికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలె," అన్నాడు వైర్‌మన్ హన్మండ్లు, నీళ్ళు నింపని ఈతకొలను అడుగున నిలబడి.

గట్టు మీదున్న ఫ్యాక్టరీ క్లబ్బు సెక్రటరీ రామ్‌దాస్ మొహం చిట్లించాడు. ఎడపల్లి దారిలోని ఆ చక్కెర ఫ్యాక్టరీకి సామాన్లు కొనే ఆఫీసరు కూడా ఆయనే. హైదరాబాదులో ఏదో హోటల్లో చూసొచ్చి, మన కొలనులోనూ నీళ్ళ అడుగున రెండు దీపాలు వెలగాలని పట్టుబట్టిందీ ఆయనే. సామాన్ల జాబితాలో ట్రాన్స్‌ఫార్మర్ కొట్టేసి, దాని బదులు తన పేరూ, 1967 అనే సంవత్సరమూ చెక్కిన పాలరాతి పలక రాయించిందీ ఆయనే. పలక మాత్రం బాగా వచ్చింది.

"పంపు గదిల కరెంటు ఉన్నదా లేదా?"

"ఉన్నది సార్. రెండు వందల ముప్పై."

"అండ్లకెళ్ళి వైరు గుంజు. దీపం వెలగాలె, గంతే."

"బల్బు మారిస్తే దీపం వెలుగుతది సార్. నీళ్ళల్ల దిగినోడే ఆరిపోతడు."

"రబ్బరు సుట్టు."

"నీళ్ళకు సందు దొరకకుండ సుట్టెటోడు ఇంకా పుట్టలేదు సార్."

రామ్‌దాస్ గొంతు తగ్గించాడు. "నీ పర్మనెంట్ కాయితం నా డ్రాయర్ల ఉన్నది. ఎల్లుండి జనరల్ మేనేజర్ సాబ్ వచ్చి ఓపెనింగ్ జేస్తడు. దీపాలు వెలిగితే కాయితం బైటికొస్తది. లేకుంటే నువ్వే బైటికి పోతవ్."

హన్మండ్లు ఆరేళ్ళుగా టెంపరరీ. పర్మనెంట్ అయితే ఫ్యాక్టరీ క్వార్టరు ఇస్తారని భార్య లింగవ్వ అప్పుడే కిటికీ పరదాలకు గుడ్డ కూడా చూసిపెట్టుకుంది. కానీ కొలనులోకి అందరికంటే ముందు దూకేది మేనేజరు గారి పదేళ్ళ కూతురు నాగకుమారేనని క్లబ్బులో అందరికీ తెలుసు. నిజాంసాగర్ కాలవలో ఈత నేర్చిన పిల్ల, నీళ్ళు కనిపిస్తే ఆగదు. హన్మండ్లుకు ఆ పిల్ల మొహమే కళ్ళముందు మెదిలింది.

"ఫిట్ సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్ట సార్."

"నీ సంతకం ఎవడడిగిండు? నేనే పెడ్త."

పెట్టాడు. పైన "సకల నిబంధనల ప్రకారం" అని రాసి మరీ పెట్టాడు. సంతకం పెట్టే అవకాశం దొరికితే ఆయన పరాయివాళ్ళ శుభలేఖ మీదైనా పెట్టగల మనిషి.

హన్మండ్లు వంగి, అడుగున బిగించిన దీపాల అద్దాలు తుడిచాడు.

"సరే సార్. వెలిగిస్త," అన్నాడు.

ఓపెనింగ్ రోజు సాయంత్రం రామ్‌దాస్ కారు మొండికేసింది. ఎంత ప్రయత్నించినా కిక్కురుమనలేదు. డ్రైవర్ పోశన్న బానెట్ ఎత్తి, లోపలికి తొంగిచూసి, పెదవి విరిచి, రామ్‌దాస్ వచ్చి చూసేలోపే మూసేశాడు.

"దమ్ము లేదు సార్."

చేసేది లేక రామ్‌దాస్ తెల్ల సూటుతో ఫ్యాక్టరీకి పోతున్న చెరుకు బండెక్కాడు. క్లబ్బు దగ్గర దిగేసరికి సూటంతా చెరుకాకు నూగు. దులుపుకుంటూనే వెళ్ళి, పంపు గది బయటి గోడకున్న స్విచ్ తానే నొక్కాడు.

అప్పుడే పొద్దు గూకుతోంది. కొలను అడుగున రెండు దీపాలు వెలిగి నీళ్ళన్నీ పచ్చగా మెరిశాయి. ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. నాగకుమారి ఈత బట్టల్లో గట్టు మీదికి పరుగెత్తింది.

హన్మండ్లు అడ్డంగా నిలబడ్డాడు. "ఆగు బిడ్డా. ఫ్యాక్టరీ రివాజు ఒకటున్నది గద."

రివాజు అందరికీ తెలిసిందే. ఏటా గానుగ మొదలుపెట్టే రోజున, మిషన్ బాగుందని ఎవరు సంతకం పెడితే వాళ్ళు మొదటి చెరుకుగడ నలిగేదాకా దాని పక్కనే నిలబడాలి. ఆ రివాజు పెట్టింది జనరల్ మేనేజర్ వీరరాఘవయ్యే.

ఆయన నవ్వాడు. "నిజమేనయ్యోయ్. సంతకం ఎవరిదీ? రామ్‌దాస్ గారిదా? అయితే మీరే ముందు దిగాలండీ."

"నాకు జలుబు సార్."

"మోకాళ్ళ దాకా చాల్లెండి."

"నీళ్ళ గండం ఉన్నదని పంతులు చెప్పిండు సార్."

"మోకాలి లోతు నీళ్ళలో గండమేంటండీ? కానివ్వండి, అమ్మాయి చూస్తోంది."

రామ్‌దాస్ బూటు విప్పాడు. మేజోడు విప్పాడు. బొటనవేలు నీళ్ళకు జానెడు దూరం దాకా పోయి వెనక్కొచ్చేసింది.

"సార్, అండ్ల లైను కరెంటు డైరెక్టుగ ఉన్నది," అన్నాడు చివరికి.

చప్పట్లు కొట్టిన చేతులు కిందికి దిగాయి. వీరరాఘవయ్య కూతుర్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగేశాడు.

"మరి ట్రాన్స్‌ఫార్మరేదీ?"

రామ్‌దాస్ పాలరాతి పలక వంక చూసి తల దించుకున్నాడు. అంతలోనే తేరుకుని, "నేను వద్దనే అన్న సార్. వీడే ఇన్లేదు," అన్నాడు.

వీరరాఘవయ్య హన్మండ్లు వైపు తిరిగాడు. "వైరు కలిపిన చెయ్యి నీదేగా? నా పిల్ల దిగేదయ్యా అందులోకి. రేపట్నించి నువ్వు పన్లోకి రానక్కర్లేదు."

హన్మండ్లు చొక్కా విప్పి మడతపెట్టి గట్టు మీద ఉంచాడు. ఒక్కో మెట్టూ దిగి, ఛాతీ లోతు నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళి, వెలుగుతున్న దీపం అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. ఎవరో ఆడమనిషి కళ్ళు మూసుకుంది. అతనికేమీ కాలేదు.

"ఇదేం కరెంటయ్యా?" అన్నాడు వీరరాఘవయ్య.

"పంపు గది తలుపు తీసి సూడుండ్రి సార్."

ఆయనే వెళ్ళి తలుపు తీశాడు.

లోపల బల్ల మీద, దీపాల వైర్లు తగిలించుకుని, రామ్‌దాస్ కారు పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంది.