ఆరో నాణెం

"దొంగ చేతికి నా భార్య కోటు ఇవ్వను," అన్నాడు జయరాజు, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

దైవాశీర్వాదం నొచ్చుకోలేదు. ఏడాదిగా పడుతున్న మాటే.

"నాకు కాదన్నా. మన చర్చిలో చలిబట్టలు పోగుచేస్తున్నాం. వదినగారి కోటు అలమరలో వేలాడితే ఎవరికి వెచ్చన?"

ఆ మాటకి మూలం జయరాజు తెప్పించుకున్న నాణేలు. ఎనభైరెండు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం స్పెయిన్ వేసినవి. పెట్టెలో ఆరు. ఒకవైపు రాజు తల, ఇంకోవైపు ఆ ఆట గుర్తులు. అవి చికాగో చేరిన రోజు జయరాజు భోజనానికి పిలిచింది ఒక్క దైవాశీర్వాదాన్నే. ముగ్గురూ టేబుల్ మీద పరిచి చూశారు.

"వీటిలో ఒకటి వేస్తే మిషన్‌లోంచి కోక్ వస్తుందాండీ?" అంది జయరాజు భార్య దేవకుమారి.

"నీ మొహం! ఈ దేశంలో ఏ మిషనూ మింగదు. ఉమ్మేస్తుంది."

దైవాశీర్వాదం పగలబడి నవ్వాడు.

వారం తర్వాత పెట్టె తెరిస్తే ఐదే ఉన్నాయి. వాటిని చేత్తో పట్టుకున్న బయటివాడు దైవాశీర్వాదం తప్ప ఇంకొకడు లేడు.

స్నేహితుణ్ణి ఎప్పటికైనా క్షమించేవాడేమో. భార్యని మాత్రం క్షమించలేదు.

ఆ విందు మర్నాడు, ఇంకా తెల్లవారకుండానే ఆమె పనికి బయల్దేరింది. బయట మంచు. టేబుల్ మీది చిల్లరలో తడిమి, పాతిక సెంట్ల క్వార్టర్ బిళ్ళ ఒకటి తీసి తనే ఆమె కోటు జేబులో వేశాడు.

"సాయంత్రం బస్సు దిగి, స్టాపులో పబ్లిక్ ఫోన్ మిషన్‌లో ఇది వేసి ఫోన్ చెయ్యి. కారేసుకొస్తా. నడవకు."

"సరేనండీ."

సాయంత్రమంతా ఫోన్ పక్కనే కూర్చున్నాడు. మోగలేదు. చివరికి మోగింది, హాస్పిటల్ నుంచి. నడిచొస్తూ మంచు మీద జారిందట. తలకి దెబ్బ. ప్రాణం పోయింది.

కోటు చేతికిచ్చారు. జేబు పైనుంచే తడిమాడు. బిళ్ళ అలాగే ఉంది.

"మొండి ఘటం," అన్నాడు శవపేటిక ముందే. సమాధి దగ్గరికి ఆ తర్వాత ఒక్కసారీ వెళ్ళలేదు. ఎవరైనా అడిగితే ఒకటే జవాబు.

"పిలిస్తే వెళ్ళేవాణ్ణి. పిలవలేదు."

ఇప్పుడు ఆ కోటు తెచ్చి దైవాశీర్వాదం మీదికి విసిరాడు. "తీసుకుపో. జేబులో క్వార్టర్ కూడా నువ్వే ఉంచుకో. అలవాటేగా."

దైవాశీర్వాదం జేబులో చెయ్యి పెట్టాడు. బిళ్ళని వెలుతురులోకి తీసి చూశాడు. తిప్పి రెండో వైపూ చూశాడు. దాన్ని జయరాజు అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు.

జయరాజు పిడికిలి విప్పాడు.

దాని మీద ఫుట్‌బాల్ ఉంది.