వర్జ్యం వెళ్ళాక

విజయకుమార్ పెళ్ళాం సెలవొస్తే చాలు సౌత్ ఐలండ్ మంచుకొండల్లో గోతులు తవ్వుతుందనీ, ఈసారి మొగుణ్ని కూడా కూలికి తీసుకుపోయిందనీ శాండ్రింగ్‌హామ్ సరుకుల కొట్టు దగ్గర పార్వతి ఆంటీ అన్నదట.

అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

విజయకుమార్ పార పట్టుకుని గోతి పక్కన నిలబడి ఉన్నాడు. నడుములోతు గోతిలో ఇంద్రజ, మంచు జారేలా ఉందేమోనని పొరలు చూస్తోంది.

గుప్పెడు మంచు తీసి పిండింది. మోచేతి దాకా నీళ్ళు కారాయి.

ఎదురుగా ఉన్న వాలు దాటితే కొండ నెత్తి. అక్కణ్నుంచి పడమటి సముద్రం కనిపిస్తుంది. ఆరేళ్ళుగా ఆమె చూపిస్తానంటోంది. ఆరేళ్ళుగా అతను ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందంటున్నాడు.

డిసెంబరులో అతనికి మోకాలు మారుస్తారు. ఆ తర్వాత మంచు మీద నడక మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు.

చూస్తే, ఇక్కడ డిసెంబరుకి ముందే వచ్చే ఈ వసంతంలోనే చూడాలి.

చీకటి ఉండగానే, బస చేసిన హట్ నుంచి బయల్దేరాలని రాత్రే చెప్పింది ఇంద్రజ. బయల్దేరేసరికి ఏడు దాటింది. మంచు కింద మనిషి పడితే జాడ చెప్పే బీకన్‌లో వేయాల్సిన బ్యాటరీలు కనిపించలేదు. హట్ అంతా వెతికాక, అతని సంచి అడుగునే దొరికాయి.

ఆమె గోతిలోంచి పైకొచ్చి వాలు మొదట్లో కర్ర గుచ్చింది.

పిడి దాకా దిగిపోయింది.

"పొద్దున్నే అయితే రాయిలా ఉండేదండీ. రాత్రి గడ్డకట్టిందంతా ఎండకి మెత్తబడిపోయింది."

పైన రాళ్ళ సందులోంచి నిమ్మకాయంత మంచుముద్ద ఊడిపడింది. దొర్లుతూ దొర్లుతూ గుమ్మడికాయంతై ఆగింది. దాని వెనకే ఇంకోటి.

"దిగిపోదాం," అంది.

"ఇంత దూరం వచ్చా? ఎంతుంది ఇంద్రా, మన న్యూ లిన్ స్టేషన్ ప్లాట్‌ఫారమంత లేదు."

"ప్లాట్‌ఫారం జారి నెత్తిన పడదుగా."

ఆరేళ్ళు రానన్న మనిషికి ఇప్పుడు దిగబుద్ధి కాలేదు.

ఆమె వంగి అతని స్నోషూ పట్టీలు బిగించింది. మోకాలి మీద చెయ్యి వేసి, నొప్పుందా అని కళ్ళతోనే అడిగింది. లేదని అబద్ధమాడాడు.

దిగారు.

హట్ ముందు బల్ల మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచారు. అక్కడికీ కనిపిస్తూనే ఉంది ఆ వాలు. తెల్లగా, ఏమీ ఎరగనట్టు.

ఎంతసేపు చూసినా కదల్లేదు.

"ఏమీ కాలేదుగా," అన్నాడు.

"కాకపోవడమే కదండీ మనకి కావాల్సింది."

అతను చేతిలో ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

"ఇంద్రా, బ్యాటరీలు నేనే దాచాను. ఏడింటి దాకా వర్జ్యం. అందులో నిన్ను కొండెక్కనివ్వడం ఇష్టం లేక..."

"వర్జ్యమని ఎవరు చెప్పారు?"

"వంటింట్లో క్యాలెండరు."

"అది విజయవాడ క్యాలెండరండీ మహానుభావా. అక్కడ ఏడైతే ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర."

వేళ్ళు మడిచి లెక్క కట్టాడు. పై వాలు ఎక్కి ఉంటే, సరిగ్గా వర్జ్యంలోనే దిగాల్సి వచ్చేది.

ఆమె పొలమారేంత నవ్వింది. నెత్తి మీద తట్టి నీళ్ళిచ్చాడు. అతనికీ నవ్వొచ్చింది. కాసేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ నవ్వారు.

ఆమె నవ్వు ఎంతకీ ఆగకపోతే అనుమానం వచ్చింది అతనికి.

"నీకు ముందే తెలుసా?"

"మీరు సంచిలో వేస్తుంటే చూశాను."

"చూసి కూడా నోరు మెదపలేదా? ఏడింటి దాకా నాతో పాటు వెతికావు. ఆరేళ్ళుగా అంత ఆశపడి, తెలిసి తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

ఇంద్రజ డబ్బాకి మూత పెట్టింది.

"మీరు భయపడుతూ నడిస్తే నేను కాళ్ళ కింద మంచుని చూడను. మిమ్మల్నే చూస్తాను."