మూడు గంటల దొంగ

"పాస్‌వర్డ్ తప్పు" అంది సర్వర్, పదకొండోసారి.

ఉపేందర్‌కు ఒళ్లు మండింది. తను బిగించిన సర్వర్. తను పేరు పెట్టిన సర్వర్. నెల తిరక్కుండానే నువ్వెవరని తననే అడుగుతోంది!

గోదావరిఖని చౌరస్తా పక్క సందులో నుస్రత్ బేగం నడిపే కంప్యూటర్ సెంటర్ అది. సాయంత్రం నాలుగింటికి నలభై మందికి పరీక్ష. వాళ్ల పేర్లు సర్వర్లోకి ఎక్కించాలంటే దాన్ని నడిపించే పేజీ తెరుచుకోవాలి. అదేమో ఉపేందర్ మొహం మీదే తలుపేస్తోంది.

"చూడు ఉపేందర్," గుమ్మంలో నిలబడి అంది నుస్రత్ బేగం. "బొగ్గుబాయి మూడింటి సైరన్ దాక ఆగుత. గప్పటికీ కాకుంటే మంచిర్యాల కంప్యూటరోళ్లకు ఫోన్ చేస్త. మొత్తం పనే వాళ్లకిస్త. ఫికర్ చెయ్యకు, నువ్వెప్పుడొచ్చినా చాయ్ మాత్రం పోస్త."

ఇది ఉపేందర్‌కు మొదటి కాంట్రాక్టు. దీన్ని చూసుకునే ఐదు వందల విజిటింగ్ కార్డులు అచ్చేయించాడు. ఇంకా తొమ్మిదే పంచాడు.

పోనీ పాస్‌వర్డ్ మరిచిపోయాడా అంటే, అదీ లేదు. పెట్టిన రోజు కళ్లకు కట్టినట్టుంది. మేడం మిరపకాయ బజ్జీలు తెప్పించింది. ఒక చేతిలో బజ్జీ, ఇంకో చేతిలో ఉల్లిగడ్డ ముక్క. నల్లబంగారం. ఇంగ్లీషులో, అన్నీ చిన్న అక్షరాలే. ఒక్కో అక్షరం పైకి పలుకుతూ మరీ పెట్టిన పాస్‌వర్డ్ అది. ఎలా మరిచిపోతాడు?

పొద్దున రాగానే మొట్టమొదట క్యాప్స్ లాక్ పడిందేమోనని చూశాడు. పడలేదు. కీబోర్డు బోర్లించి దులిపాడు. రెండు పుట్నాలు రాలాయి. బ్రౌజర్ మార్చాడు. అందులో పేరుకున్న పాత చెత్తంతా తుడిచేశాడు. సర్వర్‌ను పడుకోబెట్టి మళ్లీ లేపాడు. లేచి, అదే మాట అంది.

గుమ్మం పక్కన స్టూలు మీద సదయ్య దగ్గాడు. సెంటర్‌కు కాపలా అతనే. నెత్తిన టోపీకి లైటు పెట్టుకుని ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇక్కడ కుదిరాడు.

"దీపం లేకుంట దిగుతున్నట్టున్నవ్ బిడ్డా," అన్నాడు.

ఉపేందర్ తలెత్తి ట్యూబ్‌లైట్ చూశాడు. "ఎలుగుతనే ఉన్నది గద కాకా! జర నీ పని నువ్వు చూస్కో."

"నా పనికి ఇంక టైమున్నది," అని సదయ్య బీడీ చెవి మీద పెట్టుకున్నాడు.

ఉపేందర్‌కు సర్వర్లో ఇంకో చిన్న ఖాతా ఉంది. దాంతో ఎవరు వచ్చారో, ఎవరు పోయారో చూడొచ్చు. దేన్నీ ముట్టుకోవడానికి మాత్రం లేదు. ఏమీ తోచక అది తెరిచాడు. తెరిచి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

తను చేసిన పదకొండు తప్పులూ వరసగా ఉన్నాయి. వాటికి పైన, సర్వర్ పెట్టిన మర్నాటి నుంచీ, ఎవరో దర్జాగా లోపలికి వచ్చి పోతున్నారు. ఉదయం ఏడింటికి ఒకసారి. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. ఠంచనుగా. దొంగగారు ఆదివారాలు సెలవు కూడా తీసుకున్నారు.

"మేడం! దొంగ పడ్డడు!" అని కేకేశాడు. "మంచిర్యాలోళ్ల పనే. ఇంత టైంకు అస్తున్నదంటే మనిషి గాదు, ఏదో ప్రోగ్రాం లోపల పెట్టిండ్రు. పాస్‌వర్డ్ మార్చింది గూడ వాళ్లే. మూడింటికి మళ్ల అస్తది. మీ కండ్ల ముంగటనే పట్టిస్త!"

నుస్రత్ బేగం కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది. ఉపేందర్ ఇంటర్నెట్ తీగ పీకి పారేశాడు. ఇక బయటి నుంచి చీమ కూడా రాలేదు.

మూడుకు ఐదు నిమిషాలు. రెండు. ఒకటి.

బాయి మీద సైరన్ కూసింది. ఇద్దరూ తెరకేసి చూశారు.

"జరుగు బిడ్డా," అంది వెనక నుంచి ఓ గొంతు. "టైమైంది."

ఉపేందర్ ఏం జరుగుతోందో తెలియకుండానే లేచి నిలబడ్డాడు. సదయ్య కుర్చీలో కూర్చున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఎడమచేత్తో ఒక మీట నొక్కాడు. తర్వాత కుడిచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టాడు.

పేజీ తెరుచుకుంది.

"అన్ని పచ్చగనే ఉన్నయ్," అన్నాడు తృప్తిగా. "పోయెటప్పుడు నువ్వే అంటివి గద, కాకా దీన్ని జర కనిపెట్టుకొని ఉండుమని."

నుస్రత్ బేగం ఉపేందర్‌ను చూసింది.

"ఎట్ల కాకా? నాకు రానిది నీకెట్ల అచ్చింది?"

"ఎట్లేంది బిడ్డా, ఆనాడు నీ రెండు చేతులు ఖాళీ లేక పాస్‌వర్డ్ నాతోటే గద కొట్టిచ్చినవ్," అంటూ సదయ్య కీబోర్డు మూలన క్యాప్స్ అని రాసి ఉన్నచోట వెలుగుతున్న చిన్న పచ్చ దీపాన్ని వేలితో చూపించాడు, "క్యాప్ ల్యాంపు ఎలిగిచ్చుకోకుంట లోపలికి ఎవలన్న దిగుతరా?"